డాక్టరు గది నుండి: మట్టికి లెక్క ఉంది

పోయిన నెల చక్కెర వ్యాధి గూర్చి వ్రాసి కొన్ని ఇళ్ళలో మిఠాయిలు మాన్పించామట. ఆడవారు మెచ్చుకున్నారు, మగవారి కోపం ఇంకా తగ్గలేదు. ఈ నెల తిండి జోలికి పోము.

ఈమధ్య కరీంనగరు వైపు మనిషి ఒకాయన దగ్గుతో వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, సిగరెట్టు అలవాటు లేదు. అంతకు ముందు రెండుసార్లు వచ్చినప్పుడు మేమే "ఎలర్జీ" అని వ్రాసి పంపాము. దుమ్ము దేశం కదా, ఆ మాట వ్రాయడానికి చెయ్యి అలవాటుపడింది. ఖతారుకు రాకముందు ఏం పని చేశారని మూడవసారికి గాని అడగలేదు.

పక్క దేశంలో ఒక సైనిక స్థావరంలో మూడేళ్ళు ఉన్నారట. "చెత్త కాల్చేటోళ్ళం సార్. ప్లాస్టిక్, బ్యాటరీలు, పెయింటు డబ్బాలు అన్నీ ఒక్క గుంతలనే. డీజిల్ పోసి అంటు పెట్టేటోళ్ళం. మూతికి తువ్వాల కట్టుకుంటుంటిమి."

ఆ పొగకు 2022లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ఇరాక్, కువైట్ మొదలైన దేశాలతోపాటు మన ఖతారు పేరూ అందులో ఉంది. 1990 ఆగస్టు 2 నాటినుండి ఈ దేశాల్లో పనిచేసిన వారి సైనికులకు కొన్ని ఊపిరితిత్తుల జబ్బులు, కొన్ని క్యాన్సర్లు వస్తే, పనివల్లే వచ్చాయని విడిగా రుజువు చేయనక్కరలేదు. అదే గుంత పక్కన పార పట్టుకొని నిలుచున్న మన మనిషి ఆ చట్టంలోకి రాడు.

మట్టికైతే మార్గాలున్నాయి. వియత్నాంలోని దానాంగ్ విమానాశ్రయంలో డయాక్సిన్ ఇంకిన మట్టిని తవ్వి, పెద్ద దిబ్బగా పోసి, మూసి, 335 డిగ్రీలకు పైగా కాచి శుద్ధి చేశారు. 2012లో మొదలైన పని 2018లో ముగిసింది. ఇంధనపు మంటలార్పే నురుగులోని పిఫాస్ రసాయనాలైతే నేలలోకి, అక్కడినుండి బావుల్లోకి దిగుతాయి. అమెరికా 2024లో వీటిలో రెండు ముఖ్యమైన వాటికి తాగునీటిలో పెట్టిన హద్దు లక్ష కోట్ల భాగాలకు 4 భాగాలు! ఇది చదివి వినిపించగానే మా ఇంట్లో "అయితే మన కుళాయి నీళ్ళో?" అని అడిగారు. ఖతారులో తాగునీరు దాదాపు అంతా ఉప్పు తీసిన సముద్రపు నీరే, బావి నీరు కాదు. మా ఇంట్లో కాఫీ యథాప్రకారం నడుస్తోంది.

అయితే ఈ శుద్ధి అన్నిచోట్లా జరగదు. విదేశాల్లోని స్థావరాల విషయంలో ఆరోగ్యానికి గణనీయమైన హాని ఉంటేనో, ఒప్పందం కోరితేనో తప్ప ఖర్చు పెట్టవద్దన్నట్లుగా ఉంది అమెరికా రక్షణశాఖవారి 2013 ఉత్తర్వు. హాని ఉందని తెలియాలంటే ఎవరో ఒకరు వ్రాసిపెట్టాలి కదా? "ఎలర్జీ" అని వ్రాసే మావంటి డాక్టర్లుంటే ఎలా తెలుస్తుంది?

మన మనిషికి మిగిలిన దారి 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టం. అమెరికా స్థావరాల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేసిన ఏ దేశస్థులకైనా ఇది వర్తిస్తుంది. విదేశీయులకు రావలసినదాన్ని సగానికి కుదించి ఒకేసారి చెల్లించే వీలు కూడా అందులోనే పెట్టుకున్నారు, అది వేరే సంగతి. నిదానంగా బయటపడే జబ్బులకైతే, పనే కారణమని తెలిసిన నాటినుండి సాధారణంగా 2 ఏళ్ళలోపల అర్జీ పెట్టాలి. కాంట్రాక్టు, జీతం చీటీలు, గేటు పాసు అన్నీ పనికివస్తాయి.

ఆయన దగ్గర గేటు పాసు ఒక్కటే మిగిలింది. ఊపిరి పరీక్ష చేయించాము. పాత కేసు షీటు తీసి "ఎలర్జీ" పక్కన ఆ మూడేళ్ళూ, ఆ గుంతా వ్రాశాము. మాకు ఇంగ్లీషు మందుల పేర్లు వచ్చు గాని ఈ ఫారాల భాష రాదు. మనలో అకౌంట్సు, పర్సనల్ శాఖల్లో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. వచ్చే శుక్రవారం సమావేశంలో ఒక్క అరగంట మాకు ఇవ్వగలవారు భోజనాలకు ముందే కనబడితే మంచిది. భోజనాలయ్యాక ఎవరూ దొరకరు.