దక్షిణ డకోటా గవర్నర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నర్ గారికి,

1938లో మొదలైన స్టర్గిస్ మోటార్‌సైకిల్ ర్యాలీకి ఏటా ఆగస్టులో లక్షల మంది వస్తారు. వారిలో నాలా ఒంటరిగా వచ్చేవాళ్లూ ఉంటారు. ఊళ్లో ఎంత రద్దీ ఉన్నా భయం లేదు. భయమంతా పక్కనున్న బ్లాక్ హిల్స్ కొండదారుల మలుపుల్లోనే. జింకలు, బైసన్లు హఠాత్తుగా అడ్డొస్తాయి. చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ అందదు. పడితే చూసే నాథుడుండడు.

మీ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికే హెల్మెట్ తప్పనిసరి. పెద్దలు కళ్లకు రక్షణ పెట్టుకుంటే చాలు. కంటిని కాపాడమన్న ప్రభుత్వం తలను గాలికి వదిలేయడం ఏం న్యాయం? అది రైడర్ల స్వేచ్ఛ అంటారు. ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించేది ఇంటివాళ్లు కూడా.

అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేయండి. సిగ్నల్ లేని కొండదారుల్లో అత్యవసర ఫోన్లు పెట్టించండి. వచ్చే ఆగస్టులోపే ఈ పని మొదలుకావాలి.

ఇట్లు,
ఒక తెలుగు రైడర్