రేటింగ్ బోర్డుకి కాదు.. గోడకి!

సివిల్ పూర్తిచేసి సైట్‌లో అడుగుపెట్టారా? ఐటీ ఆఫీసైనా, ఆసుపత్రైనా ఇంటీరియర్ పనిలో మీకు మొదట అప్పజెప్పేది జిప్సం పార్టిషన్లే కావచ్చు. ‘ఫైర్ బోర్డే తెచ్చాం సార్, గంట రేటింగ్ ఉంది’ అంటాడు కాంట్రాక్టర్. వెంటనే తలూపేయకండి. ఆ గంట బోర్డుది కాదు, మొత్తం గోడది.

ఎందుకంటారా? జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీరే. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. అది అయిపోయేదాకా బోర్డు వెనకవైపు వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగుతుంది. ఆ తర్వాత జిప్సం కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. పగిలినా ఊడి పడకుండా పట్టి ఉంచడానికే ఫైర్ బోర్డులో గాజు నారలు కలుపుతారు.

మరి ఆ బోర్డును నిలబెట్టేదేంటి? వెనకున్న స్టడ్లు, స్క్రూలే. స్టడ్ల మధ్య దూరం పెంచితే బోర్డుకు ఆసరా తగ్గుతుంది. వేడికి వంగుతుంది, జాయింట్లు తెరుచుకుంటాయి. ఆ సందుల్లోంచే మంట, పొగ అవతలికి వెళ్తాయి.

ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలోని యూఎల్ సంస్థ యూ419 డిజైన్‌లో స్టీలు స్టడ్ల మధ్య గరిష్ఠ దూరం 610 మి.మీ. రెండువైపులా 15.9 మి.మీ. టైప్ ఎక్స్ బోర్డు ఒక్కో పొర వేస్తే గంట రేటింగ్. కొలిమి ముందు పెట్టి పరీక్షించేది ఇలాంటి మొత్తం కూర్పునే. నాలుగు స్టడ్లు మిగులుతాయని దూరం 750 చేశారనుకోండి, అది ఎవరూ పరీక్షించని గోడ. బోర్డు అదే, బిల్లూ అదే. రేటింగ్ మాత్రం ఉండదు.

గంట చిన్న విషయమా? 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. మెట్లదాకా వెళ్లే దారి కాసేపు పొగ లేకుండా నిలిస్తే ప్రాణాలు నిలుస్తాయి. రేటింగ్ గోడ కొనిపెట్టేది ఆ కాస్త సమయాన్నే.

కాబట్టి మూడు పనులు అలవాటు చేసుకోండి. బోర్డు బ్రోచర్ కాదు, మీ గోడ కూర్పుకి సరిపోయే టెస్ట్ రిపోర్ట్ అడగండి. స్టడ్ దూరం, స్క్రూల దూరం, పొరల సంఖ్య అందులో ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూడండి. పైపులు, కేబుళ్ల కోసం కొట్టిన రంధ్రాలను ఫైర్ సీలెంట్‌తో మూయించండి. ఖాళీ దొరికితే నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో నాలుగో భాగం చదవండి. ఇంటర్వ్యూల్లోనూ పనికొస్తుంది.

రెండోవైపు బోర్డు బిగించాక స్టడ్లు ఎవరికీ కనబడవు. టేపు పట్టాల్సింది అంతకు ముందే. సంతకం పెట్టేది మీరే కదా!