గ్యారేజీ కబుర్లు: గాలి పెంచాను, లెక్క మార్చలేదు

టర్బో బండికి ఏ ఇన్‌టేక్ వేసుకోవాలి, ఇంజెక్టర్లు కూడా మార్చాలా అని పోయిన సంచిక తర్వాత కొందరు కుర్రాళ్ళు అడిగారు. జవాబు చెప్పాలంటే ముందు నా పరువు కాస్త పోగొట్టుకోక తప్పదు.

నాది 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ. రెండున్నర లీటర్ల ఇంజను, టర్బో, కంపెనీ లెక్కన 305 హార్స్‌పవర్. నలభై దాటాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా ఆవిడ దాన్ని "మీ చిన్నిల్లు" అంటుంది. కొన్న నెలకే లావుపాటి ఇన్‌టేక్ పైపు, పెద్ద ఫిల్టరు తెచ్చి బిగించాను. ముప్పావుగంట పని. "ట్యూన్ అక్కర్లేదు, బిగించి తోలుకోండి" అన్నాడు అమ్మినవాడు. టర్బో గాలి పీల్చే ఆ చప్పుడుకే డబ్బులు గిట్టాయనుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని హైవే ర్యాంప్ మీద పూర్తిగా తొక్కాను. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు ఒక్క క్షణం చప్పుడు. తర్వాత అద్దంలో నీలం పొగ. వెనక ట్రక్కు వస్తోంది, బండిలో పవర్ లేదు. ఎలాగో షోల్డర్ మీదికి లాగాను. వాడు ఒక్క మాట అనలేదు, సీట్ బెల్ట్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కంప్రెషన్ చూస్తే మూడు సిలిండర్లు 140 పైన, నాలుగోది 60. పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు విరిగిపోయింది.

తప్పు బండిది కాదు. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి, నాకు ముందే తట్టాల్సింది. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ పైపులో ఉన్న వేడి తీగను గాలి ఎంత చల్లబరుస్తోందో చూసి ఇన్ని వోల్టులని చెబుతుంది. ఇన్ని వోల్టులంటే సెకనుకు ఇన్ని గ్రాముల గాలి అని ఈసీయూలో ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టిక కంపెనీ పైపు వ్యాసానికి రాసింది. పైపు లావైతే అంతే గాలి నెమ్మదిగా పోతుంది, వోల్టులు తగ్గుతాయి, గాలి తక్కువ వస్తోందనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. మామూలుగా తోలేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని దిద్దుకుంటుంది కాబట్టి నాకేమీ తెలియలేదు. ఫుల్ థ్రాటిల్‌లో అలా అప్పటికప్పుడు దిద్దుకోదు, పట్టికనే నమ్ముతుంది. బూస్ట్‌లో ఉన్నప్పుడు ఒక పాలు పెట్రోలుకు సుమారు 11 పాళ్ళ గాలి ఉండాలి. గాలి పాలు పెరిగితే వేడి పెరిగి నాక్ మొదలవుతుంది. మా ఊళ్ళో స్కూటర్ మెకానిక్ స్పార్క్ ప్లగ్ ఊడదీసి, కాఫీపొడి రంగుంటే సరిపోయిందనీ, తెల్లగా ఉంటే పెట్రోలు చాలడంలేదనీ చెప్పేవాడు. నేను ప్లగ్ కూడా తీసి చూడలేదు.

ఇంజను మళ్ళీ కట్టించేటప్పుడు ఫోర్జ్‌డ్ పిస్టన్లతో పాటు పెద్ద ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు వేయించాను. ఎందుకంటారా, లెక్క చూడండి. 6000 ఆర్‌పీఎంలో ఒక సిలిండరుకు రెండు చుట్లకి పట్టే సమయం 20 మిల్లీసెకన్లు. ఇంజెక్టరు అందులో 17 మిల్లీసెకన్లు తెరిచి ఉందంటే 85 శాతం పనిచేస్తోందన్నమాట. అంతకు మించితే భద్రత లేదు. నా పాత లాగుల్లో స్టాక్ ఇంజెక్టర్లు అప్పటికే ఆ గీత దగ్గరున్నాయి. ఇప్పుడున్నవి నిమిషానికి 1000 సీసీవి.

అయితే పెద్దవి పెట్టి ఈసీయూకి చెప్పకపోతే కథ తిరగబడుతుంది. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోతాయి, సిలిండరు గోడల మీది ఆయిల్ కడుక్కుపోతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. ఫ్లో అంకె ఒక్కటీ మారిస్తే చాలదు. కరెంటు అందాక ఇంజెక్టరు తెరుచుకోవడానికి ఇంచుమించు ఒక మిల్లీసెకను పడుతుంది, బ్యాటరీ వోల్టేజి తగ్గితే ఇంకా ఎక్కువ. ఐడిల్‌లో అది తెరిచి ఉండేదే రెండు మూడు మిల్లీసెకన్లు. ఆ ఆలస్యం అంకె తప్పు రాస్తే చలికాలం పొద్దున్నే బండి ఊగిసలాడి ఆగిపోతుంది. అందుకే నాలుగూ కలిపి ఫ్లో టెస్ట్ చేసి, అంకెల కాగితంతో ఇచ్చేవాళ్ళ దగ్గరే కొనండి. సగం ధరకి దొరికే నకిలీల జోలికి పోకండి.

బిగించేటప్పుడు ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడపండి, లైన్లో ప్రెషర్ పోతుంది. ఓ-రింగులు కొత్తవే వేయండి, కాస్త ఆయిల్ రాయండి. స్టార్ట్ చేసేముందు కీ మాత్రం తిప్పి ఎక్కడైనా కారుతోందేమో లైటు వేసి చూడండి. పెట్రోలు పని, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. కాలిఫోర్నియా వాళ్ళకి ఇంకో మాట: అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేని ఇన్‌టేక్ స్మాగ్ చెక్‌లో పాస్ కాదు.

ఈసారి ఇన్‌టేక్ పట్టిక, ఇంజెక్టరు అంకెలు రెండూ డైనో మీద ట్యూన్ చేయించాను. మూడు గంటలు పట్టింది, మా అబ్బాయి కూడా వచ్చాడు. చివరి పుల్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 11.1, ఇంజెక్టర్లు 64 శాతం దగ్గర ఆగాయి. తిరిగి వచ్చేటప్పుడు వాడు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని లాగ్ చూస్తూ కూర్చున్నాడు. అదే ర్యాంప్ వచ్చింది. నేను మెల్లగా పోతుంటే స్క్రీన్ మీంచి తల ఎత్తకుండానే "నంబర్లు బాగున్నాయి, తొక్కు నాన్నా" అన్నాడు.