ఉద్దానానికి చీడలేని కొబ్బరి మొక్క కావాలి



శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరంలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల మేర పరుచుకున్న ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఒకే తోటలో కలగలిసి పెరుగుతాయి. ఈ తోటలను కొన్నేళ్లుగా పట్టి పీడిస్తున్న తెల్లదోమ గురించి చర్చ ఎప్పుడు జరిగినా, ఏ మందు కొట్టాలన్న ప్రశ్నతో మొదలై ఆ ప్రశ్నతోనే ముగుస్తోంది. ఆ పురుగు ఏ దారిన వచ్చింది, రేపు అదే దారిన మరొకటి రాకుండా ఏం చేయాలి అన్న ప్రశ్నకు ప్రభుత్వ ప్రణాళికల్లో గానీ రైతుల వినతిపత్రాల్లో గానీ దక్కవలసిన చోటు దక్కడం లేదు.

శాస్త్రజ్ఞులు రూగోస్ అని, వ్యవసాయాధికారులు సర్పిలాకార తెల్లదోమ అని వ్యవహరించే ఈ కీటకం ఈ నేలది కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో కొబ్బరి ఆకుల మీద దొరికిన నమూనాల ఆధారంగా దీనిని 2004లో తొలిసారి వర్ణించారు. 2009లో ఫ్లోరిడాలో కనిపించిన ఈ పురుగు 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి, కేరళలోని పాలక్కాడ్ తోటల్లో బయటపడి, ఆ ఏడాది చివరికే తూర్పుగోదావరి జిల్లా కడియం ప్రాంతానికి చేరింది. తల్లి పురుగు ఆకు అడుగుభాగాన చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టి, వాటిమీద తెల్లటి మైనపు పొడి కప్పుతుంది. పిల్ల పురుగులు ఆకు రసాన్ని పీల్చి తేనెలాంటి జిగురును విసర్జిస్తే, అది కింది మట్టల మీద, వాటి నీడన ఉన్న అరటి, జామ ఆకుల మీద పడుతుంది. ఆ జిగురు మీద పెరిగే నల్లటి బూజునే మసి తెగులు అంటారు. మసి కమ్మిన ఆకుకు ఎండ సోకదు, ఎండ సోకని ఆకు చెట్టుకు ఆహారం తయారుచేయలేదు. చెట్టు వెంటనే చావదు గనుక నష్టం తుపాను నష్టంలా కంటికి కనబడదు, లెక్కలకూ ఎక్కదు. రైతుకు మాత్రం ఏటికేడు కాపు తగ్గుతుంది.

ఈ పురుగు తన రెక్కలతో ఎగిరే దూరం స్వల్పం. జిల్లాలు, రాష్ట్రాలు దాటే ప్రయాణం ప్రధానంగా గుడ్లు, పిల్లలు అంటిన ఆకులున్న మొక్కల ద్వారా జరుగుతుంది. కడియం నర్సరీల నుంచి మొక్కల లారీలు వెళ్లని రాష్ట్రం దేశంలో అరుదు గనుక, అక్కడ చేరిన చీడ ఏదైనా లారీ ఎక్కితే దూరాలకు లెక్కే ఉండదు. వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్న ఆ నర్సరీల మీద నిందగా ఈ మాట అనడం లేదు. మొక్కను పరీక్షించి పంపే పద్ధతి లేకపోవడమే ఇక్కడి లోపం. మొక్కతో పాటు కీడు రావడం కొత్త సంగతీ కాదు. తూర్పు కనుమల వాలుల్లో స్థానిక పొదలను తోసి అల్లుకుపోయిన లాంటానా పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో కలకత్తా వృక్షోద్యానానికి అందం కోసం తెచ్చిన మొక్క. చెరువులను కప్పేస్తున్న గుర్రపుడెక్క కూడా పూల అందం చూసి తెచ్చుకున్నదే.

ఉద్దానానికి ఈ ప్రమాదం మిగిలిన ప్రాంతాలకంటే ఎక్కువ కావడానికి తుపానులే కారణం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి వద్ద తీరం దాటినప్పుడు తరాలుగా కాపు కాస్తున్న కొబ్బరి చెట్లు లక్షల సంఖ్యలో నేలకూలాయి. అంతటి విపత్తు తరువాత సాయం చేసే చేతులన్నీ మొక్కలతోనే వస్తాయి, అది సహజం. అయితే కొబ్బరికాయ మొలకెత్తడానికే మూడు నాలుగు నెలలు, అది నాటదగిన మొక్క కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. తుపాను వచ్చాక నారు పోస్తే సరిపోదు గనుక, మొక్క ఎక్కడ దొరికితే అక్కడినుంచి, ఎలా ఉంటే అలా తెచ్చుకోవలసి వస్తుంది. చీడకు ఇంతకంటే తెరిచిన వాకిలి ఉండదు.

ఈ వాకిలిని కాపు కాసే చట్టాలు దేశంలో లేకపోలేదు. 1914 నాటి విధ్వంసక కీటకాలు, చీడల చట్టం, దాని కింద వెలువడిన 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశాల నుంచి వచ్చే ప్రతి మొక్కకూ ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. విశాఖపట్నంలో అందుకోసం తనిఖీ కేంద్రం ఉంది. క్వారంటైన్ అంటే, చీడ లేదని తేలేవరకు మొక్కను వేరుగా ఉంచి పరిశీలించడం. రేవులో ఇంత కట్టుదిట్టంగా అమలయ్యే ఈ నియమం, పురుగు ఒకసారి గడప దాటాక దేశం లోపల దాదాపు నిద్రపోతుంది. బంగాళాదుంప వార్ట్, అరటి బంచీ టాప్ వంటి కొద్ది చీడపీడలకే రాష్ట్రాల మధ్య రవాణా ఆంక్షలున్నాయి. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్న రోజుల్లోనే, 1919లో, వ్యవసాయ చీడపీడల చట్టం ఒకటి వచ్చింది. ఒక పురుగునో తెగులునో కలుపునో ప్రకటించి, ఆ ప్రాంతం నుంచి మొక్కల తరలింపును ఆపే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. రాష్ట్రంలో నర్సరీల నియంత్రణకు 2010లో వేరే చట్టం చేశారు. ఇన్ని చట్టాలుండగా, కొబ్బరి మొక్కల లారీని ఆపి ఆకు తిప్పి చూసే ఉద్యోగి ఒక్కరు కూడా దారిలో లేకపోవడం క్షమించరాని అలసత్వం.

వచ్చేసిన పురుగు సంగతి వేరు. ఇక్కడ రసాయన మందు మీద ఉన్న మోజు తగ్గాలి. ఈ తెల్లదోమను చంపే ఎన్‌కార్సియా గ్వాడలోపే అనే అతి సూక్ష్మమైన కందిరీగ జాతి మిత్రకీటకం కూడా దేశంలో ఉంది. అది తెల్లదోమ పిల్ల పురుగులో గుడ్డు పెడితే, దాని సంతతి ఆ పురుగును లోపలినుంచి తిని బయటికి వస్తుంది. మసి పట్టిన మట్టను దించి, ఆకు అడుగున మిగిలిన ఖాళీ గుల్లలను భూతద్దంతో చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది: తెల్లదోమే ఎదిగి బయటికి వచ్చిన గుల్ల వీపున నిలువూ అడ్డమూ చీలిక ఉంటుంది, మిత్రకీటకం వచ్చిన గుల్లకు సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం ఉంటుంది. గుండ్రటి రంధ్రాలు ఎక్కువగా ఉన్న తోటలో మందు కొట్టడమంటే శత్రువును వదిలి కాపలాదారుణ్ణి చంపుకోవడమే. ఉద్దానం ఇసుక నేలలో చల్లిన మందు బావినీటికి ఇంకే ప్రమాదం ఎక్కువ. కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బుతో ఇన్ని ఇళ్లు తల్లడిల్లుతున్న చోట ఈ సంగతిని పక్కన పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన అంబాజీపేట పరిశోధనా స్థానం మిత్రకీటకాలను, ఇసారియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందిస్తోంది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ గుర్తించిన ఈ శిలీంధ్రం తెల్లదోమ శరీరం మీద మొలకెత్తి దానిని చంపుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి ఆకు అడుగుభాగం తడిసేలా పిచికారీ చేయాలి. అంబాజీపేట కోనసీమలో ఉంది. ప్రాణమున్న ఈ సరుకు ఎండకూ ఆలస్యానికీ ఓర్చదు గనుక, కవిటికో సోంపేటకో అంత దూరం నుంచి చేరేలోగా పస తగ్గుతుంది.

తనిఖీలతో అన్ని చీడలూ ఆగవన్న వాదన నిజమే. 2018లో కర్ణాటకలో బయటపడి, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మొక్కజొన్నను సుడిలో దాగి తినేస్తున్న కత్తెర పురుగు తల్లి రెక్కలపురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదు. దానిని ఏ చెక్‌పోస్టూ ఆపలేదు, త్వరగా కనిపెట్టడమే మార్గం. వయ్యారిభామ కూడా 1950ల నడుమ పుణె దగ్గర కనబడ్డాక, ఒక్కో మొక్క వేల విత్తనాలు రాల్చుతూ గాలితోనూ వాహనాలతోనూ ఊరి పశువుల బీళ్లను ఆక్రమించింది. కానీ ఆగనివి కొన్ని ఉన్నాయని, ఆపగలిగినవాటిని కూడా వదిలేయడం న్యాయం కాదు. పైగా వచ్చిన శత్రువుకు సరైన మిత్రకీటకాన్ని వెతికితే ఫలితం ఎలా ఉంటుందో బొప్పాయి పిండినల్లి విషయంలో దేశం చూసింది. 2008లో కోయంబత్తూరు దగ్గర కనబడి బొప్పాయి, మల్బరీ తోటలను ఎండగట్టిన ఆ పురుగును, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన పరాన్నజీవులు కొద్ది నెలల్లోనే అదుపు చేశాయి.

ఉద్దానంలో తిత్లీకి కూడా నిలిచి కాపు కాస్తున్న దేశవాళీ చెట్లను తల్లిచెట్లుగా గుర్తించి, వాటి కాయలతో ప్రతి ఏటా నారు పెంచే శాశ్వత నర్సరీని ఆ మండలాల్లోనే నెలకొల్పాలి. బయటినుంచి తేక తప్పనప్పుడు ఆకులున్న మొక్కలకు బదులు విత్తనకాయలను తెప్పిస్తే ఆకు మీద బతికే పురుగు వచ్చే అవకాశం చాలావరకు తగ్గుతుంది. తుపాను సాయంగా వచ్చే మొక్కలకు సైతం ధ్రువపత్రం తప్పనిసరి చేసి, పంపిణీకి ముందు తనిఖీ జరపాలి. మిత్రకీటకాలను, ఇసారియాను పెంచే ప్రయోగశాల సోంపేట, పలాస మధ్య ఎక్కడైనా ఏర్పాటు కావాలి. తదుపరి అక్టోబరు రాకముందే ఉద్యానశాఖ, జిల్లా యంత్రాంగం ఈ పనులు మొదలుపెట్టాలని, మొక్క కొనే ప్రతి రైతూ ఆకు తిప్పి చూసి, అడుగున తెల్లటి చుట్లు కనిపిస్తే దానిని తోటలోకి రానీయవద్దని ఈ లేఖ కోరుతోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు
శ్రీకాకుళం జిల్లా