దళారి ఇల్లు మన వీధిలోనే ఉంది

విదేశీ ఉద్యోగానికి పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులకు, పంచాయతీ పెద్దలకు, ఓట్లడగడానికి మన గడప తొక్కే నాయకులకు ఈ కరపత్రం.



మ్యావడీ అనే ఊరు ఎక్కడుందో మొన్నమొన్నటిదాకా మనకెవరికీ తెలియదు. మయన్మార్‌లో, కరెన్ రాష్ట్రంలో, మోయి నది ఒడ్డున ఉంది. నదికి ఇవతల థాయిలాండ్ పట్నం మే సోట్. మన కుర్రాడు హైదరాబాద్‌లో విమానం ఎక్కి బ్యాంకాక్‌లో దిగుతాడు. 2023 చివర్లో అక్కడ టూరిస్టుగా దిగేందుకు మనవాళ్లకు వీసా గొడవ తీసేశారు. బయట కారు సిద్ధంగా ఉంటుంది. దాదాపు 500 కిలోమీటర్లు తిప్పి, చీకటి మాటున నది దాటిస్తారు. అవతలి ఒడ్డున తుపాకీ పట్టుకున్నవాడు పాస్‌పోర్టు, ఫోను తీసుకుంటాడు. అక్కడితో ఉద్యోగం కథ అయిపోయింది.

దారి ఇదొక్కటే కాదు. బ్యాంకాక్ నుంచి తూర్పుకు పోతే అరణ్యప్రతేట్, సరిహద్దు దాటితే కంబోడియాలో పోయిపెట్, ఇంకా పోతే సముద్రపు ఒడ్డున సిహనౌక్‌విల్. ఉత్తరానికి పోతే చియాంగ్ రాయ్, మెకాంగ్ నది, దాని అవతల లావోస్‌లోని గోల్డెన్ ట్రయాంగిల్. ఏ దారిన పోయినా చివర ఎత్తు గోడల కాంపౌండే. లోపల కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. అందమైన అమ్మాయి ఫొటో పెట్టుకుని, ఊరూపేరూ తెలియని మనిషితో తియ్యగా మాట్లాడి, వాడి బ్యాంకు ఖాతా ఊడ్చేయాలి. టార్గెట్ రాకపోతే దెబ్బలు, కరెంటు షాకులు. ఇంటికి పోతానంటే, "నిన్ను కొన్నాం. ఆ డబ్బు కట్టి పో" అంటారు. ఒక కంపెనీ ఇంకో కంపెనీకి మనిషిని అమ్మడం అక్కడ మామూలు.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో వేసిన అంచనా ప్రకారం ఇలా చిక్కుకున్నవారు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది. చైనా, వియత్నాం, ఇండోనేషియా, నేపాల్, బంగ్లాదేశ్, ఇండియా... ఆసియా మొత్తం ఆ గోడల లోపల ఉంది. ఆఫ్రికా నుంచి కూడా తెస్తున్నారు.

మరి అంత దూరం నుంచి వచ్చి తెలుగువాణ్ని కొనడం దేనికి? భాష కోసం. తెలుగువాణ్ని ముంచడానికి తెలుగు మాట్లాడే గొంతు కావాలి. 2024లో సైబర్ మోసాల్లో మన దేశం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. ఆ ఏడాది మొదటి నాలుగు నెలల మోసాల్లో సగానికి కాస్త తక్కువ మయన్మార్, కంబోడియా, లావోస్‌ల నుంచే జరిగాయని కేంద్ర హోం శాఖ సైబర్ విభాగమే చెప్పింది. అంటే, మన ఊరి రిటైర్డ్ మాస్టారుకి "డిజిటల్ అరెస్ట్" అని ఫోన్ చేసి వణికించినవాడు మన పక్క ఊరి బీటెక్ కుర్రాడే కావచ్చు, వాడి వెనక కర్ర పట్టుకుని ఇంకొకడు నిలబడి ఉండవచ్చు.

2024 మే నెలలో విశాఖ పోలీసులు కొందరు దళారులను పట్టుకున్నాక మనకు తెలిసిన సంగతి ఏమిటి? డేటా ఎంట్రీ పని అని చెప్పి, మనిషికి లక్షన్నర దాకా తీసుకుని, కుర్రాళ్లను కంబోడియాకు చేర్చారు. ఆ లక్షన్నర ఎక్కడిది? అప్పు తెచ్చిందో, అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టిందో. తనను అమ్మినందుకు కూలి తానే ఇచ్చుకున్నాడన్నమాట.

ఇది మనకు కొత్త కాదు. వందేళ్ల కింద బర్మాలో తెలుగువాణ్ని "కోరంగి" అని పిలిచేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరది. రంగూన్ ఓడరేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది మన తాతలే. వాళ్లను తీసుకుపోయింది మేస్త్రీ. వాడు పైవాడు కాదు, సొంత ఊరివాడే. ముందు బయానా చేతిలో పెట్టి, ఆ అప్పు తీరేదాకా కట్టేసేవాడు. 1937 దాకా బర్మా ఇండియాలో భాగం కాబట్టి, విదేశీ వలస చట్టాలు ఆ ప్రయాణాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడూ అంతే. 1983 వలస చట్టం కింద ముందస్తు అనుమతి కావలసింది 18 దేశాలకే, అదీ ముఖ్యంగా పదో తరగతి పాసవని వాళ్లకే. ఆ జాబితాలో కువైట్, సౌదీ ఉన్నాయి. మయన్మార్, కంబోడియా, లావోస్ లేవు. చదువురానివాణ్ని కాపాడటానికి కట్టిన కంచె ఇది. కాంపౌండ్లకు కావలసింది చదువుకున్నవాడు. వాడికి కంచే లేదు.

ఇంకా ఆశ్చర్యం వినండి. లైసెన్సు ఉన్న ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లైసెన్సు లేకుండా మనుషులను పంపితే శిక్ష రెండేళ్ల దాకా జైలు, జరిమానా 2,000 రూపాయల దాకా. పొరపాటుగా చదవలేదు, రెండు వేలే. ఒక్కో మనిషి మీద లక్షన్నర తీసుకునేవాడికి ఆ జరిమానా ఎంత? టీ ఖర్చు.

అయితే వెళ్లడమే ఆపేస్తే పోదా అనేవాళ్లున్నారు. కడప జిల్లా ఆడవాళ్లనూ కోనసీమ ఆడవాళ్లనూ అడగండి. ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడమనిషికి ముప్పై ఏళ్లు నిండాలని నిబంధన పెట్టారు. ఆకలికి ముప్పై ఏళ్లు నిండేదాకా ఆగడం తెలియదు. విజిట్ వీసా మీద పంపే దళారుల పంట పండింది. తలుపు మూసినప్పుడల్లా కిటికీ దగ్గర కూర్చున్నవాడు బాగుపడ్డాడు. అందుకే మేం వెళ్లొద్దు అనడం లేదు. పంపేవాడు ఎవడో తేలాలి అంటున్నాం.

హైదరాబాద్‌లో ఆఫీసున్న ఏజెంటుకు లైసెన్సు ఉండొచ్చు. మన వీధికి వచ్చి, కాఫీ తాగి, "మావాడు అక్కడ నెలకు లక్ష సంపాదిస్తున్నాడు వదినా" అని చెప్పేవాడికి ఏ కాగితమూ ఉండదు. వాడు సబ్ ఏజెంటు. చట్టం దృష్టిలో వాడు లేనేలేడు. మా మొదటి కోరిక వాడి గురించే. లైసెన్సున్న ప్రతి ఏజెంటూ తన కింద పల్లెల్లో తిరిగేవాళ్ల పేర్లు ప్రభుత్వానికి రాసివ్వాలి, ఆ జాబితా పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి, వాళ్లు చేసిన మోసానికి పైవాడు జవాబుదారీ కావాలి. ఏ చదువు చదివినా, ఏ దేశం పోయినా, ఉద్యోగానికి పోయేవాడి వివరాలు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్లో నమోదు కావాలి. అనుమతి అడగమనడం లేదు, లెక్క ఉండాలంటున్నాం. కొత్త చట్టానికి ముసాయిదాలు 2019లో ఒకటి, 2021లో ఒకటి, 2025లో ఇంకొకటి వచ్చాయి. మేమిది రాసే నాటికి 1983 చట్టమే నడుస్తోంది, ఆ రెండు వేల జరిమానాతో సహా.

రెండో కోరిక తిరిగొచ్చినవాళ్ల గురించి. 2025 ఫిబ్రవరిలో థాయిలాండ్ తన సరిహద్దు నుంచి మయన్మార్‌లో ఆ కాంపౌండ్లున్న ప్రాంతాలకు కరెంటు, ఇంధనం, ఇంటర్నెట్ కోసేసింది. ఆ నెలలోనే వేలమంది బయటపడ్డారు. మార్చి 10, 11 తేదీల్లో మే సోట్ నుంచి మన వాయుసేన విమానాల్లో 549 మంది భారతీయులు వచ్చారు, తెలుగు పిల్లలూ ఉన్నారు. అలా వచ్చినవాడు ఇల్లు కదలడం లేదు. బయట అప్పులవాడు, లోపల పోలీసులు కేసు పెడతారేమోనన్న భయం. కొట్టి చేయించిన నేరానికి వాణ్ని ముద్దాయిని చేస్తే, దళారి మీద సాక్ష్యం చెప్పేదెవరు? భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణా కింద బానిసత్వాన్ని, భిక్షాటనను కూడా పేరు పెట్టి చెప్పింది. బలవంతంగా నేరం చేయించడాన్ని చెప్పలేదు. ఆ మాట చట్టంలో చేరాలి. బలవంతం రుజువైనవాడి మీద కేసు ఉండకూడదు. ఇష్టపడి వెళ్లి, తర్వాత తోటివాళ్లను పిలిపించి కమీషన్ తిన్నవాళ్లూ కొందరున్నారు, కాదనం. వాళ్లను వేరు చేయడం పోలీసుల పని, అందరినీ ఒకే గాటన కట్టేయడం కాదు.

థాయిలాండ్ తన తీగ తాను కోసింది. మనం కోయాల్సిన తీగ మన ఊళ్లోనే ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట. "ముందు టూరిస్టు వీసా మీద పోతాడు, అక్కడికెళ్లాక వర్క్ పర్మిట్ మారుస్తాం" అన్నాడంటే అక్కడే ఆగండి. లైసెన్సు నంబరు అడిగి, ఈమైగ్రేట్ పోర్టల్లో సరిచూసుకోండి. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. ప్రభుత్వమే నడిపే సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. ఇప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. 1983 చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. కానీ వెళ్లినవాడుగానీ, వాడి తల్లి, తండ్రి, భార్య, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లుగానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు.

వచ్చే గ్రామసభకు రండి. మీ వీధిలో తిరిగే దళారి పేరు, తీసుకున్న డబ్బు, చెప్పిన దేశం, చేర్చిన దేశం ఒక కాగితం మీద రాసి పట్టుకురండి.