వేలిముద్ర వేసే ముందు

మొన్న ఒక అక్క మా దగ్గరికొచ్చి, కొంగున ముడేసుకున్న రెండు కాగితాలు విప్పి ముందర పెట్టింది. ఒకటి స్టాంపు కాగితం. వాడ పెద్దమనుషులు రాయించింది. నేటి నుంచి భార్యాభర్తలం కాము, భరణం అడగను అని ఉంది. రెండోది తెల్లకాగితం. ఆమె వీధులూడ్చే పనిలో కంట్రాక్టరు రాయించుకున్నది. పంచాయితీల చుట్టూ తిరిగి నాగాలు పడ్డందుకు రేపటి నుంచి రావొద్దన్నాడు. రావలసిందంతా ముట్టిందని రాయించుకున్నాడు. ముట్టింది మాత్రం పైసా లేదు. రెండింటి మీదా ఆమె వేలిముద్రే.

"ఏలు ఏసినంక ఇంకేముంటది సారూ?" అని అడిగింది.

చాలా ఉంటది.

స్టాంపు కాగితం విడాకులు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులిచ్చేది కోర్టు. కులాచారంగా విడిపోవడాన్ని 29వ సెక్షను ఒప్పుకున్నా, ఆ ఆచారం పూర్వం నుంచీ ఉందని రుజువు చేయాల్సింది ఆ మాట అన్నవాళ్లే. చర్చి పెళ్లికి చట్టం వేరు, అక్కడా కోర్టే. ఇక భరణం. నిన్నటిదాకా 125 సెక్షను, 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 144. విడాకులైనా, మళ్లీ పెళ్లి చేసుకోకుండా, బతుకు గడవని స్త్రీ అడగొచ్చు. భరణం వదులుకున్నానన్న రాత చెల్లదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. పిల్లల భరణాన్ని తల్లి కూడా రాసివ్వలేదు. అయితే ఇద్దరూ ఒప్పుకునే వేరుగా ఉంటున్నారని వాదించడానికి మొగుడి వకీలుకు ఆ కాగితమే ఆయుధం. అందుకే వేలు వేయొద్దంటున్నాం.

ఆ పెద్దమనుషులు ఊరి దొరలు కాదు, మనవాళ్లే. ఏప్రిల్ 14న దండలు వేసేవాళ్లే. హిందూ కోడ్ బిల్లును అటకెక్కించారని 1951లో మంత్రి పదవి వదిలేసిన మనిషికి దండ వేసి, అదే చేత్తో ఈ కాగితం రాయించారు. ఇంకేం చెప్పాలి!

కంట్రాక్టరు సంగతి. పనిలోంచి తీసేసిన మనిషికి రెండు పనిదినాల్లో జీతం తీర్చాలి. అతను ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని ఇవ్వాలి. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలు పోయి నాలుగు కోడ్‌లొచ్చినా ఈ మాట పోలేదు. జీతాల రిజిస్టరు పెట్టాల్సిందీ, జీతం చీటీ ఇవ్వాల్సిందీ యజమానే. ముట్టిందంటే ఎక్కడ ముట్టిందో చూపమనాలి. మన దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పక్కన ఊడ్చిన మనిషి సాక్ష్యం ఉండాలి.

వకీలుకు డబ్బులెక్కడివంటారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను కింద ఎస్సీ, ఎస్టీలకూ, ఏ కులం స్త్రీకైనా వకీలు ఉచితం. ఆదాయం అడగరు. కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది. ఫోను 15100.

సోమవారం ఆమెతో అక్కడికి వెళ్లాం. అర్జీ రాసిన గుమాస్తా సిరాడబ్బా ఆమె ముందుకు జరిపాడు. అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, "ముందు సదివి ఇనిపియ్యి" అంది.