గడ్డం సబ్బు, గొర్రె జిడ్డు, దిబ్బలో బ్లేడు



పైన వీడియో చూసినవాళ్లు ఈపాటికి నవ్వుకునే ఉంటారు. "ఏందప్పా, ఎప్పుడూ జీవామృతం డ్రమ్ము పక్కన నిలబడే మనిషి ఈరోజు అద్దం ముందర గడ్డం గీక్కుంటా కూర్చున్నాడు" అని. నవ్వండి, పర్వాలేదు. నవ్వినాక ఇది మాత్రం చదవండి. వీడియోలో చూపించింది గడ్డం సబ్బే గానీ, నేను చెప్పేది మన దిబ్బల గురించి, మన పొలాల్లో ఆగే గొర్రెల మందల గురించి కూడా.

ముందు జరిగింది చెప్తా. పోయిన ఎండాకాలం మా శిరివెళ్ల పొలంలో ఘనజీవామృతం కలుపుతున్నాం. ఆరోజు తాజా పేడ చాలకపోతే ఇంటి వెనక దిబ్బ మీద నుంచి కొంత ఎత్తుకొచ్చినాం. బెల్లం, శనగపిండి, గట్టు మట్టి వేసి, ఆవు మూత్రం చల్లి, ఎప్పట్లాగే చేత్తో పిసుకుతున్నాం. మా చిన్నమ్మ "అమ్మా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. అరచేయి తెగి రక్తం కారుతోంది. పేడలో వెతికితే సగానికి విరిగిన బ్లేడు ముక్క. నంద్యాలకు తీసుకుపోయి నాలుగు కుట్లు వేయించి, టీటీ ఇంజెక్షన్ చేయించి తీసుకొచ్చినాం.

ఆ బ్లేడు నాదే. గీక్కున్నాక కాగితంలో చుట్టి ఇంటి చెత్తలో పడేసేవాణ్ణి. చెత్త దిబ్బకు పోయేది. దిబ్బ పొలానికి పోయేది. పురుగుమందు డబ్బాను గట్టు దాటనివ్వని నేను, నా చేత్తో నేనే పొలంలోకి బ్లేడు పంపించినా. చిన్నమ్మ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అయింది.

అదే బ్లేడు గడ్డిలో కలిసి ఆవు నోట్లోకి పోయుంటే? ఆవు మేతను సరిగా నమలకుండానే మింగేస్తుంది, తర్వాత తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. మేతతో పోయిన ఇనుప ముక్క రెండో పొట్టలో ఆగిపోతుంది. ఆ పొట్టకు ముందు పక్కనే గుండె. ముక్క పొట్ట గోడను పొడుచుకుని గుండె దాకా పోతే ఆవు బతకడం కష్టం. ఆవు చుట్టూ సేద్యం కట్టుకున్న మనం ఈ మాట ఊరికే విని వదిలేయకూడదు.

మావాడు వెంటనే ఒక సలహా ఇచ్చినాడు. "నాన్నా, ఆ పాత బ్లేడ్లు మానేసి ప్లాస్టిక్ రేజర్ వాడు, నురగ డబ్బా వాడు. చెయ్యి తెగదు, పని తొందరగా అవుతుంది." వాడు చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. చెయ్యి తెగే భయం తగ్గుతుంది. కానీ ప్లాస్టిక్, ఉక్కు కలిపి అతికించిన ఆ రేజర్‌ను మళ్లీ విడదీయలేం. పాత సామాన్లు కొనేవాళ్లు కూడా తీసుకోరు. అదీ దిబ్బకే పోతుంది, నా మనవళ్ల కాలం దాకా మట్టిలో అట్లే ఉంటుంది. నురగ డబ్బాలో మండే గ్యాసు నింపి ఉంటారు. అయిపోయినాక మళ్లీ నింపుకునేదానికి లేదు, చెత్తతో పాటు కాల్చినామంటే పేలుతుంది.

మా తాత పద్ధతి వేరేగా ఉండేది. ఒక ఇత్తడి గిన్నె, ఒక బ్రష్షు, గుండ్రటి సబ్బు బిళ్ల, ఒక ఇనుప రేజరు. ఆ రేజరు ఆయన తర్వాత మా నాయన వాడినాడు, ఇప్పుడు నేను వాడుతున్నా. అందులో పారేయాల్సింది బ్లేడు ఒక్కటే. అది మొత్తం ఉక్కు, కరిగిస్తే మళ్లీ ఉక్కే. అంటే తప్పు బ్లేడుది కాదు, దాన్ని నేను పెట్టిన చోటుది.

ఇక సబ్బు సంగతి. ఇంగ్లండులో పనిచేసే మా మేనల్లుడు సెలవుకు వచ్చినప్పుడు ఒక గడ్డం సబ్బు తెచ్చిచ్చినాడు. దాంట్లో లానోలిన్ ఉందన్నాడు. లానోలిన్ అంటే ఇంకేం కాదు, గొర్రె ఉన్నికి పట్టి ఉండే జిడ్డు. గొర్రె చర్మంలోని గ్రంథులు దాన్ని విడుస్తాయి. వానకు బొచ్చు నానిపోకుండా గొర్రెను కాపాడేది అదే. ఉన్ని కత్తిరించి వేడినీళ్లలో కడిగితే జిడ్డు వేరవుతుంది, దాన్ని శుద్ధి చేస్తే పసుపురంగు మైనంలాంటి ముద్ద వస్తుంది. దీనికోసం గొర్రెను కోయాల్సిన పని లేదు. 1882లో జర్మనీలో ఒట్టో బ్రౌన్, ఆస్కర్ లీబ్రైఖ్ అనే ఇద్దరు దీన్ని శుద్ధి చేసే పద్ధతికి పేటెంటు తీసుకుని, లానోలిన్ అని పేరు పెట్టినారు.

సబ్బులో దీని పనేంది? నూనెలో క్షారం కలిపితే నూనె సబ్బుగా మారుతుంది. గొర్రె జిడ్డు మాత్రం నూనె జాతిది కాదు, మైనం జాతిది. క్షారం కలిపినా అది అంత తేలిగ్గా సబ్బుగా మారదు. చాలాభాగం మైనంగానే మిగిలి, చర్మం మీద పలచటి పొరలా నిలుస్తుంది. తన బరువుకు దాదాపు రెండింతల నీళ్లు పట్టుకునే గుణం దానికి ఉంది. ఎండలో పొలం పని చేసే మన ముఖాలు గీక్కున్నాక చురచురమంటాయి కదా, ఆ చురుకు నాకు ఈ సబ్బుతో తగ్గింది. ఒంటి సబ్బుతో గీక్కుంటే నురగ నిమిషంలో ఆరిపోతుంది. గడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం, పొటాష్ క్షారం ఎక్కువ ఉంటాయి కాబట్టి నురగ చిక్కగా నిలబడుతుంది.

"అయితే కెమికల్ లేని సబ్బు అన్నమాట" అంటారేమో. ఇక్కడే నాకు పేచీ. కాస్టిక్ క్షారం లేకుండా సబ్బే పుట్టదు. కొలత సరిగ్గా ఉంటే ఆ క్షారమంతా నూనెతో కలిసిపోతుంది, మిగలదు. పేనుబంక మీద సేంద్రియ రైతులు కొట్టే పొటాష్ సబ్బు నీళ్లు కూడా ఈ కుటుంబంలోవే. కాబట్టి డబ్బా మీద "సహజం", "కెమికల్ ఫ్రీ" అని రాస్తే చాలు, రెండింతల రేటు పెట్టి కొనొద్దు. మన పంటకు ఎవరన్నా ఉత్త స్టిక్కరు అంటించి సహజ పంట అని అమ్మితే మనకు కోపం వస్తుంది కదా? సబ్బు దగ్గర కూడా అంతే కోపం రావాల.

వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏం రాసినారో చూడండి. "సోడియం టాలోయేట్" గానీ "పొటాషియం టాలోయేట్" గానీ ఉంటే అది జంతువు కొవ్వుతో చేసిన సబ్బు, ఎక్కువగా పశువుల కొవ్వే. పాతకాలపు పేరున్న గడ్డం సబ్బుల్లో చాలావాటికి అదే ఆధారం. ఆవును పూజించి సేద్యం చేసేవాళ్లు ఇది తెలిసి కొనాల, లేదా తెలిసి మానాల. నూనెలతో చేసినవి కూడా దొరుకుతాయి. బ్రష్షు కూడా అడిగి తీసుకోండి. కొన్ని పంది వెంట్రుకలతో చేస్తారు, మన ఊళ్లలో చాలామందికి అది పనికిరాదు. ఇంకోమాట, లానోలిన్ అందరికీ పడదు. కొంతమందికి దద్దుర్లు వస్తాయి. ముందు మోచేతి లోపల రాసి ఒకరోజు చూసుకోండి.

ఇప్పుడు గొర్రె దగ్గరికి వద్దాం. ఈ జిడ్డు కథలో నాకు బాగా నచ్చింది ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ ఊరు. ఒకప్పుడు ప్రపంచంలోనే పేరున్న ఉన్ని మిల్లుల ఊరు అది. ఉన్ని కడిగిన జిడ్డు నీళ్లు కాలువల్లోకి, వాగుల్లోకి పోయి ఊరంతా కంపు. చివరికి ఆ ఊరి మురుగునీటి కేంద్రం, ఎషోల్ట్ అనే చోట, మురుగులోంచే ఆ జిడ్డును తీసి అమ్మడం మొదలుపెట్టింది. ఊరిని ముంచిన మురికే సరుకైంది. మన భాషలో చెప్పాలంటే పెంట ఎరువైంది.

అది విని ఒక తమ్ముడు నాకు ఫోన్ చేసి, "అన్నా, మన గొర్రెల నుంచి కూడా లానోలిన్ తీసి సబ్బు చేసి అమ్ముదామా?" అని అడిగినాడు. వద్దు తమ్ముడూ. నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. దక్కని, బళ్లారి గొర్రెలకు ఉన్ని ఉంది గానీ అది మోటు ఉన్ని. కురుబలు కంబళ్లు నేసేది దాంతోనే. మెరినో గొర్రె ముడి ఉన్నిలో బరువుకు 10 నుంచి 25 శాతం దాకా జిడ్డు ఉంటుంది, మన ఉన్నిలో అంత రాదు. ఎవరన్నా ట్రైనింగ్ పేరుతో ఫీజు కట్టమంటే కట్టొద్దు.

మరి కంబళ్లకు గిరాకీ తగ్గి పారేస్తున్న ఆ ఉన్నిని ఏం చేయాల? మన మట్టికి పెట్టొచ్చు. ఉన్నిలో దాదాపు పదో వంతు నత్రజని ఉంటుంది, గంధకం కూడా ఉంటుంది. మెల్లగా కుళ్లుతుంది, తేమ పట్టి ఉంచుతుంది. నేను నిమ్మ మొక్కల మొదట్లో గుప్పెడు ఉన్ని పరిచి, గాలికి ఎగిరిపోకుండా పైన మట్టి కప్పి, గడ్డితో ఆచ్ఛాదన వేస్తున్నా. వీడియో చివర్లో చూపించినా. ఊరికే తీసుకోవద్దు, కాపరికి ఎంతో కొంత ఇవ్వండి. డబ్బులు వస్తాయంటే ఆయన కూడా దాన్ని తగలబెట్టడు.

అయితే కాపరిని ఒక ప్రశ్న అడగాల. గోమార్లకు, పేలకు గొర్రెల మీద మందు ఏం కొట్టినావు, ఎప్పుడు కొట్టినావు అని. ఆ మందుల్లో చాలావరకు జిడ్డులో కరిగేవి. నీళ్లతో పోవు, ఉన్ని జిడ్డులో దాక్కుంటాయి. అందుకే మందుల తయారీకి వాడే లానోలిన్‌లో పురుగుమందు అవశేషాలు ఇంతకు మించకూడదని విదేశీ ఔషధ ప్రమాణాల్లో హద్దు పెట్టినారు. ఎక్కడో గొర్రె మీద కొట్టిన మందు, చంటిబిడ్డ తల్లి రాసుకునే క్రీము దాకా వస్తుందని భయపడే కదా ఆ హద్దు! మందు ఎక్కడికీ పోదు, చేతులు మారుతుంది అంతే.

మనం ఎరువు కోసం రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకుంటాం కదా, అక్కడ కూడా ఇదే లెక్క. నట్టల నివారణకు ఐవర్‌మెక్టిన్ వేస్తే దాని శేషం పెంటికల్లోకి వస్తుంది, పేడపురుగుల పిల్లలను దెబ్బతీస్తుంది. మన నేలను ఉచితంగా దున్నేది ఆ పురుగులే. కాపరిని తప్పుపట్టడానికి కాదు నేను చెప్పేది. మందు వేయకపోతే ఆయన జీవాలు చస్తాయి. మందు వేసి కొన్ని వారాలు గడిచినాక మన పొలానికి రమ్మని, అంతవరకు ఆగినందుకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తే ఇద్దరికీ మంచిది.

గీక్కునే పద్ధతి వీడియోలో వివరంగా ఉంది, క్లుప్తంగా ఇక్కడ రాస్తా. వేడినీళ్ల గుడ్డతో గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. తడి బ్రష్షును సబ్బు మీద అర నిమిషం తిప్పి, ముఖం మీద నురగ తెప్పించండి. రేజరును నొక్కకండి, దాని బరువు చాలు. వెంట్రుక మొలిచిన వైపుకే గీయండి. తర్వాత చన్నీళ్లు, ఒక చుక్క కొబ్బరినూనె. గొర్రె జిడ్డు సబ్బే కావాలని లేదు. మన అంగట్లో దొరికే మామూలు గడ్డం సబ్బు బిళ్ల అయినా ఇదే పద్ధతిలో బాగానే పనిచేస్తుంది. సెలూన్‌కు పోయేవాళ్లు మానొద్దు, అది ఒక కుటుంబం బతుకు. కొత్త బ్లేడు వేయమని మాత్రం మొహమాటం లేకుండా అడగండి.

వాడిన బ్లేడు కోసం పాత పౌడరు డబ్బాకో, మూత గట్టిగా ఉన్న రేకు డబ్బాకో సన్నటి చీలిక పెట్టుకోండి. గీక్కున్న వెంటనే అందులో జారవిడవండి. నిండినాక చీలిక మూసి, లోపల ఏముందో చెప్పి పాత ఇనుము కొనేవాళ్లకు ఇవ్వండి. మా ఇంట్లో ఆ డబ్బా అద్దం పక్కనే మేకుకు వేలాడుతోంది. దాన్ని అక్కడ కట్టింది మా చిన్నమ్మే.

సహజ సేద్యం అంటే పొలంలో ఏం చల్లినాం అన్నది ఒక్కటే కాదని నాకు ఆరోజు తెలిసింది. ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, పని అయిపోయినాక ఎక్కడికి పోతోంది అని అడగాల. చెత్త ఎక్కడికి పోయినా చివరికి మన నేలకే వస్తోంది.

ఈరోజు సాయంత్రం ఒకసారి మీ దిబ్బ దగ్గరికి పోయి చూడండి. చేత్తో కాదు, పారతో తిరగేయండి. ఏం బయటపడిందో కింద రాయండి. ఉన్నిని మొక్కలకు వాడినవాళ్లు ఉంటే ఏ పంటకు, ఎంత వేసినారో కూడా చెప్పండి. తర్వాతి వీడియోలో అవి కలిపి చూపిస్తా.